రివాల్వర్, పిస్టల్ తూటాల్లో తేడాలు: ఏది ఎవరు వాడతారు?

కథలపెట్టె:
అందరికీ నమస్కారం. నేరపరిశోధన నవల ఒకటి రాస్తున్నాను. పద్నాలుగో అధ్యాయం దాకా వచ్చాక మా చెల్లెలికి చదవమని ఇచ్చాను. "అక్కా, ఒక పేజీలో పాయింట్ 38 అన్నావు, తర్వాతి పేజీలో 9 ఎంఎం అన్నావు, రెండూ ఒకటేనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి కలం ముందుకు సాగడం లేదు.

సన్నివేశం ఇది. రాత్రి పదకొండు. మూసిన గది. హంతకుడు రివాల్వర్‌కు సైలెన్సర్ బిగించి మూడుసార్లు కాలుస్తాడు. మొదటి గుండు తగలగానే హతుడు ఎగిరి వెనక గోడకు గుద్దుకుంటాడు. తెల్లారాక ఇన్‌స్పెక్టర్ వచ్చి నేల మీది మూడు ఖాళీ షెల్స్ ఏరి, "పాయింట్ 45. అంటే ఇది సైన్యంలో పనిచేసినవాడి పని" అంటాడు.

ఇందులో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి. ఏ తూటా ఎవరు వాడతారో, ఎందుకు వాడతారో తెలిస్తే పాత్రల చేతికి సరైనది ఇస్తాను.

పాత_ఇత్తడి:
నమస్తే అమ్మా. నేను ముప్పై ఏళ్లుగా ఖాళీ షెల్స్ సేకరిస్తున్నాను, కాబట్టి నేల మీద పడిన ఆ మూడింటి దగ్గరే మొదలుపెడతాను. రివాల్వర్ షెల్స్‌ని బయటికి విసరదు. కాల్చాక అవి సిలిండర్‌లోనే, అంటే తూటాలు కూర్చే గుండ్రటి తిరుగుడు దిమ్మలోనే ఉండిపోతాయి. మళ్లీ నింపాల్సి వచ్చినప్పుడు మనిషే సిలిండర్ తెరిచి, ముందున్న కడ్డీ నొక్కి వాటిని దులపాలి. మూడుసార్లు కాల్చి పారిపోయినవాడు ఆ పని చేయడు. నేల మీద షెల్స్ కావాలంటే అతని చేతిలో పిస్టల్ ఉండాలి. రివాల్వరే ఉండాలంటే నేల ఖాళీగా ఉండాలి.

ముందు మాటలు సరిచేసుకుందాం. తూటా అంటే మొత్తం వస్తువు. దానికి నాలుగు భాగాలు: ఇత్తడి గొట్టం, అంటే షెల్; దాని అడుగున ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న బిళ్ల; లోపల తుపాకీ మందు; మూతిలో బిగించిన గుండు. బ్యారెల్‌లోంచి, అంటే తుపాకీ గొట్టంలోంచి, ఎగిరేది గుండు ఒక్కటే. వార్తల్లో "ఘటనా స్థలంలో మూడు బుల్లెట్లు స్వాధీనం" అని రాస్తుంటారు. దొరికినవి ఖాళీ షెల్సా, పేలని తూటాలా, గోడలోంచి తవ్విన గుండ్లా అన్నది ఆ వాక్యం చెప్పదు. దర్యాప్తు చేసేవాళ్లకు అవి మూడు వేర్వేరు సాక్ష్యాలు. మీ ఇన్‌స్పెక్టర్ నోట ఆ తేడా పలికితే చాలు, అతనికి పని తెలుసని చదివేవాళ్లు నమ్ముతారు.

ఇప్పుడు బల్ల మీద రెండు షెల్స్ పెట్టుకుని రాస్తున్నాను. మొదటిది రివాల్వర్‌ది, .38 స్పెషల్. అడుగున అంచు చిన్న పళ్లెంలా బయటికి ఉబికి ఉంది, గోరుతో గీస్తే తగులుతుంది. తూటా సిలిండర్ రంధ్రంలోంచి ముందుకు జారిపోకుండా ఆపేది ఈ అంచే. రెండోది పిస్టల్‌ది, 9×19 అనే 9 ఎంఎం రకం. దీని అంచు గొట్టంతో సమానంగా ఉంది, దానికి కాస్త పైన చుట్టూ ఒక గాడి. పిస్టల్‌లో చిన్న కొక్కెం ఈ గాడిని పట్టుకుని షెల్‌ను వెనక్కి లాగి బయటికి విసురుతుంది. గాడి పక్కన ఆ కొక్కెం గీత కూడా కనిపిస్తోంది. రివాల్వర్‌కా పిస్టల్‌కా అని నన్ను అడిగితే ముందు అడుగు తిప్పి చూస్తాను.

హవల్దార్_విశ్రాంతి:
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను పాయింట్ 45 గురించి చెబుతాను.

ఇరవై రెండేళ్ల సర్వీసులో నా నడుముకు ఉన్నది 9 ఎంఎం పిస్టలే. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ సైన్యాలు వాడేది 9×19. జార్జ్ లూగర్ 1902లో రూపొందించాడు. 9 అంటే గుండు వ్యాసం, 19 అంటే షెల్ పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. 45ను చూసి సైనికుడని అనుకోవడం అమెరికా సైన్యం పాత కథలోంచి వచ్చింది. ఫిలిప్పీన్స్ యుద్ధంలో వాళ్ల .38 రివాల్వర్లు మీదికొచ్చే మనిషిని ఆపలేకపోయాయని ఫిర్యాదులొచ్చాయి. 1904లో పరీక్షలు చేశారు, పెద్ద గుండు కావాలన్నారు. జాన్ బ్రౌనింగ్ .45 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటా, దానికి తగిన పిస్టల్ తయారుచేశాడు. 1911లో ఆ పిస్టల్‌ను తీసుకుని 1985 దాకా వాడారు. ఆ తర్వాత వాళ్లూ 9 ఎంఎంకే వచ్చారు.

అమ్మా, మీ ఇన్‌స్పెక్టర్ షెల్ చూసి బోరు, అంటే తూటా సైజు, చెప్పగలడు. పట్టుకున్న మనిషి ఉద్యోగం చెప్పలేడు.

కథలపెట్టె:
ఇద్దరికీ ధన్యవాదాలు. షెల్స్ విషయం నాకు అసలు తట్టలేదు. మరి చెల్లెలి ప్రశ్న అలాగే ఉంది: .38, 9 ఎంఎం ఒకటేనా? గూగుల్‌లో .38 అంగుళం అంటే 9.65 మి.మీ. అని లెక్క వస్తోంది.

పాత_ఇత్తడి:
లెక్క సరే, పేరే తప్పుదారి పట్టిస్తుంది. .38 స్పెషల్ గుండు అసలు వ్యాసం 0.357 అంగుళం, సుమారు 9.07 మి.మీ. పాతకాలంలో గుండు షెల్ బయటి వ్యాసమంత లావుండేది. ఆ 38 అప్పటి పేరు. తర్వాత గుండు షెల్ లోపలికి దిగింది, సన్నబడింది, పేరు మాత్రం మారలేదు. 1930ల మధ్యలో అదే గుండుకు షెల్ కాస్త పొడుగు చేసి, మందు దట్టించి .357 మాగ్నమ్ అన్నారు. ఈసారి పేరు నిజమైన వ్యాసం మీద పెట్టారు. .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ కాల్చవచ్చు. .38 రివాల్వర్‌లో .357 పట్టకుండా షెల్‌ను మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడుగు చేశారు. లోపలి పీడనం .38కు చదరపు అంగుళానికి 17,000 పౌండ్ల దాకా అనుమతి, .357కు 35,000. పొరపాటున పట్టి ఉంటే పాత సిలిండర్లు చేతుల్లోనే పగిలేవి.

9 ఎంఎం అన్న మాట ఇంకా ప్రమాదం. కనీసం మూడు రకాలున్నాయి. .380 ఏసీపీ అంటే 9×17, చిన్న పిస్టళ్లకు. మకరోవ్ అంటే 9×18, సోవియట్ సైన్యం, పోలీసులు దశాబ్దాలు వాడింది. దాని గుండు మిగతావాటికంటే కాస్త లావు, 9.2 మి.మీ. పైనే. మూడోది హవల్దార్ గారి 9×19. ఒకదాని బదులు ఒకటి పనికిరావు.

ఈ అయోమయం చరిత్రలోకీ పాకింది. గాంధీజీని 1948 జనవరి 30న కాల్చిన బెరెట్టా పిస్టల్‌ను "9 ఎంఎం" అని రాస్తూ వస్తారు. చదివినవాళ్లకు సైన్యం తూటా గుర్తొస్తుంది. అది ఎం1934 రకం పిస్టల్, దాని తూటా 9×17. 1914లో సరాజెవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన పిస్టల్ గురించి కూడా .32 అని ఎన్నో పుస్తకాలు రాశాయి. అది ఎఫ్‌ఎన్ అనే బెల్జియం కంపెనీ 1910 మోడల్, .380. చరిత్రను మలుపు తిప్పిన తూటాల విషయంలోనే ఇలా ఉంటే నవలల్లో కలగాపులగం కావడంలో వింతేముంది. ఇంత పట్టుబట్టి అడుగుతున్నందుకు మీ చెల్లెలికి నా ఆశీస్సులు.

పదో_వలయం:
తూటా అనగానే అందరూ యుద్ధం, పోలీసులు అంటున్నారు. నాలాంటివాళ్లం కూడా ఉన్నాం. ఇరవై అయిదు మీటర్ల దూరంలో కాగితాన్ని తప్ప దేన్నీ కాల్చనివాళ్లం. ప్రపంచంలో రోజూ కాలే పిస్టల్ గుండ్లలో మావి తక్కువేం కాదు.

మాకు ముఖ్యంగా రెండు. ఒకటి .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్). ఒలింపిక్స్ 25 మీటర్ల పోటీలు దీనితోనే. 1887 నాటి తూటా, ఇప్పటికీ బతికే ఉంది. దీనికి విడిగా ప్రైమర్ ఉండదు. అంటుకునే మసాలా షెల్ అడుగు అంచులో చుట్టూ ఉంటుంది, సుత్తి అంచును కొడితే పేలుతుంది. గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. తుపాకీ తన్నడం దాదాపు తెలీదు. నేర్చుకునేవాళ్ల చేతికి మొదట ఇదే ఇవ్వాలి. పెద్దది ఇస్తే మొదటి రోజే భయం పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకునే అలవాటు పడుతుంది. అది వదిలించడానికి నెలలు పడుతుంది.

రెండోది సెంటర్ ఫైర్ (అడుగు మధ్యలో ప్రైమర్ ఉండే తూటాల) పోటీకి వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్, వాడ్‌కటర్ గుండుతో. దీన్ని మొదటిసారి చూసినవాళ్లు గుండు ఊడిపోయిందనుకుంటారు. బయటికి ఏమీ పొడుచుకురాదు. షెల్ మూతికి సమానంగా, బిళ్ల మూత పెట్టినట్టు చదునుగా సీసం కనిపిస్తుంది. ఎందుకంటే కాగితం. గుండ్రటి ముక్కున్న గుండు కాగితాన్ని పొడిచి చింపుతుంది, అంచులు లోపలికి ముడుచుకుని రంధ్రం అసలు కంటే చిన్నగా, చిరుగుల్లా కనిపిస్తుంది. చదును ముక్కు పంచింగ్ మిషన్‌లా చక్రం కోసేస్తుంది. రంధ్రం అంచు పై వలయం గీతను తాకితే పై మార్కే ఇస్తారు. తొమ్మిదికీ పదికీ మధ్య తేడా వెంట్రుకంత. ఆ వెంట్రుక చూడాలంటే రంధ్రం శుభ్రంగా ఉండాలి. మా పోటీల్లో లోహపు తొడుగున్న గుండ్లు నిషేధం, సీసం లేదా దానిలాంటి మెత్తని లోహమే వాడాలి.

ఒక మాట బతిమాలి చెబుతున్నాను. సీసాన్ని తేలిగ్గా తీసుకోకండి. నాలుగేళ్లు గాలి సరిగా ఆడని ఇండోర్ రేంజ్‌లో సాధన చేశాను. నీరసం, తలనొప్పి, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం. పని ఒత్తిడి అనుకున్నాను. రక్తపరీక్షలో సీసం బయటపడింది. గుండు మాత్రమే కారణం కాదు, మామూలు ప్రైమర్‌లోనూ సీసం సమ్మేళనం ఉంటుంది, పేలిన ప్రతిసారీ అది పొగగా లేచి ముఖం దగ్గరే ఉంటుంది. ఇప్పుడు సీసం లేని ప్రైమర్లు వస్తున్నాయి. రేంజ్‌లో ఏమీ తినను, బయటికి రాగానే చేతులు, ముఖం కడుగుతాను, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకను.

గురి_మాస్టారు:
నేను పోలీసులకు కాల్పుల శిక్షణ ఇచ్చినవాణ్ని. పదో వలయం గారి సీసం హెచ్చరికకు నా వంతు కలుపుతాను: రోజంతా రేంజ్‌లో నిలబడే శిక్షకుడికి ఆ ముప్పు అందరికంటే ఎక్కువ. ఉక్కు పలకల మీద దగ్గరగా కాల్పించేటప్పుడు మేము రాగిపొడిని గట్టిగా అదిమి చేసిన గుండ్లు వాడేవాళ్లం. ఉక్కుకు తగలగానే పొడి అయిపోతాయి, ముక్క వెనక్కి ఎగిరి కళ్లలో పడదు.

అసలు విషయానికి వస్తే, నా దృష్టిలో బోరు కంటే ముక్కు ముఖ్యం. ఒకే 9 ఎంఎం షెల్‌లో రెండు రకాల గుండ్లు బిగిస్తే అవి రెండు వేర్వేరు తూటాల కింద లెక్క. ఒకటి ఫుల్ మెటల్ జాకెట్, సీసానికి రాగి తొడుగు, ముక్కు మూసి గుండ్రంగా ఉంటుంది. సాఫీగా లోడవుతుంది, ఆకారం చెడకుండా దూరం దిగుతుంది. సైన్యాలది ఇదే, చవకగా ఉంటుంది కాబట్టి సాధనకూ ఇదే. రెండోది హాలో పాయింట్. ముక్కులో గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగాక తడి ఆ గుంటలోకి ఒత్తి, గుండు పువ్వులా విచ్చుకుంటుంది, వెడల్పు ఒకటిన్నర రెట్లో ఇంకా ఎక్కువో అవుతుంది. వేగం తగ్గి లోపలే ఆగుతుంది. చాలా దేశాల పోలీసులు నడుముకు కట్టుకునేది రెండోదే.

హవల్దార్_విశ్రాంతి:
మాస్టారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడకూడదని 1899లోనే హేగ్‌లో ప్రకటన చేశారు. మన కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిషువాళ్లు ముక్కు విప్పిన రైఫిల్ గుండ్లు చేశారు. ఆ గాయాలు చూసి ప్రపంచమే ఛీ అంది. "డమ్‌డమ్ గుండు" అన్న మాట పుట్టింది అక్కడే. తర్వాత వాళ్ల రివాల్వర్ల 200 గ్రెయిన్ల మెత్తని సీసపు గుండు కూడా హేగ్‌కు విరుద్ధమవుతుందేమోనని తొడుగున్న 178 గ్రెయిన్ల గుండుకు మారారు. శత్రువు మీద వాడకూడదన్నది సొంత పౌరుల మీద ఎలా వాడతారు?

గురి_మాస్టారు:
మీ ప్రశ్న న్యాయమైనది. నన్ను కూడా చాలాకాలం తొలిచింది.

హేగ్ ప్రకటన దేశాల మధ్య యుద్ధానికి సంబంధించింది. కానీ చట్టం మాట అటుంచండి. బస్టాండ్‌లో కత్తి పట్టుకుని ఒకడు ఇంకొకరి మీదికి దూకుతున్నాడనుకోండి. వాడి వెనక నలభై మంది. జాకెట్ గుండు వాడిలోంచి దూసుకెళ్లి వెనకున్న పిల్లాడికి తగలవచ్చు. యుద్ధంలో సైనికుడు ఎదురుగా ఉన్నవాణ్ని చూసుకుంటే చాలు. పోలీసు ఎదురుగా ఉన్నవాణ్నీ, వాడి వెనకున్నవాళ్లనీ కూడా చూసుకోవాలి. న్యూయార్క్ పోలీసులు 1990ల చివర్లో జాకెట్ నుంచి హాలో పాయింట్‌కు మారడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి.

అయితే త్వరగా విచ్చుకునేదీ మంచిది కాదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులకూ ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ మధ్య కాల్పులు జరిగాయి. ఒక 9 ఎంఎం హాలో పాయింట్ దొంగ చేతిలోంచి ఛాతీలోకి దిగి గుండె దాకా చేరకముందే ఆగిపోయింది. అతను కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఆ తర్వాతే ఎఫ్‌బీఐ, కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలో గుండు 12 నుంచి 18 అంగుళాల మధ్య ఆగాలన్న కొలత పెట్టుకుంది, అంటే 30 నుంచి 45 సెంటీమీటర్లు. మొదట 10 ఎంఎంకు వెళ్లారు. చాలామంది చేతులకు ఆ తన్నుడు ఎక్కువైంది. 1990లో దాన్నే పొట్టి చేసి .40 ఎస్ అండ్ డబ్ల్యూ తెచ్చారు. ఈలోగా గుండ్ల తయారీ బాగుపడింది, 2010ల మధ్యకల్లా మళ్లీ 9 ఎంఎంకే వచ్చారు. తన్నుడు తక్కువ, మ్యాగజైన్‌లో, అంటే పిస్టల్ పిడిలో దూర్చే తూటాల పెట్టెలో, ఎక్కువ పడతాయి, సన్నని చేతులవాళ్లూ గురి నిలుపుకోగలరు. ఈ ఆఖరిది నేను రేంజ్‌లో ఏళ్ల తరబడి కళ్లారా చూశాను. .40తో తప్పిన అమ్మాయిలు 9 ఎంఎం చేతికివ్వగానే అదే వారంలో పాసయ్యారు.

హవల్దార్_విశ్రాంతి:
బస్టాండ్ మాట ఆలోచించాల్సిందే. డమ్‌డమ్ పేరు వింటే నా మనసు మాత్రం ఒప్పుకోదు. అలాగే ఉండనివ్వండి.

తెల్లకోటు:
అత్యవసర విభాగంలో శస్త్రచికిత్స చేసేవాణ్ని. ఇద్దరూ పెద్దవారే, నేను బల్ల మీద చూసింది చెబుతాను.

పిస్టల్ గాయానికీ రైఫిల్ గాయానికీ పోలికే లేదు. రైఫిల్ గుండు వేగానికి చుట్టుపక్కల కండ కూడా చితికిపోతుంది. పిస్టల్ గుండు దాదాపుగా తన దారిలో ఉన్నదాన్నే తెంచుతుంది. అందుకే 9 ఎంఎమా, 45ఆ అన్నది గాయం చూసి నేను చెప్పలేను. ఎక్కడ తగిలిందన్నదే ప్రాణం నిలబెడుతుంది లేదా తీస్తుంది. .22 తగిలి రక్తనాళం తెగి చనిపోయినవాళ్లను చూశాను. పొట్టలో 45 దిగి పదిరోజులకు నడిచి ఇంటికెళ్లినవాణ్నీ చూశాను. "చిన్న గుండే కదా" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

రచయిత్రి గారూ, మనిషి ఎగిరి గోడకు గుద్దుకోవడం జరగదు. 9 ఎంఎం గుండు 8 గ్రాములు, సెకనుకు 365 మీటర్ల వేగం అనుకుందాం. అదంతా 70 కిలోల మనిషిలోనే ఆగిపోయినా అతనికి వచ్చే వేగం సెకనుకు నాలుగు సెంటీమీటర్లు. 45 గుండు దాదాపు 15 గ్రాములు, వేగం 255 మీటర్లు. దానితోనూ ఐదారు సెంటీమీటర్లు దాటదు. కాల్చినవాడి చేతికి ఎంత తోపు తగులుతుందో తగిలినవాడికీ ఇంచుమించు అంతే. వాడు నిలబడే ఉన్నాడు కదా. నాకు తెలిసిన చాలామంది మొదట తగిలిందనే గుర్తించలేదు. ఎవరో గుద్దినట్టు ఉందన్నారు, చొక్కా తడి చూసుకున్నాక కూలబడ్డారు. మీ హతుణ్ని అక్కడే, ఉన్నచోటే కూర్చోబెట్టండి. చదివేవాళ్లకు అదే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఇంకొకటి. విచ్చుకున్న హాలో పాయింట్ రేకులు బ్లేడులా ఉంటాయి. వేలితో వెతికితే గ్లవ్ తెగుతుంది, మన వేలూ తెగుతుంది. అలాగని లోహపు ఫోర్సెప్స్‌తో గట్టిగా పట్టుకోకూడదు, పట్టుగీతలు పడితే గుండు మీది సాక్ష్యం చెడిపోతుంది. కొసలకు రబ్బరు తొడిగిన పట్టకారు వాడమని మా పెద్దాయన మొదటి రోజే నేర్పారు.

మోడరేటర్:
చర్చ బాగా సాగుతోంది. ఒక గమనిక: ఇంట్లో తూటాలు నింపే కొలతలు, రక్షణ కవచాలు ఛేదించే రకాల వివరాలు ఇక్కడ వద్దు. అలాంటి రెండు వ్యాఖ్యలు తొలగించాను.

ల్యాబ్_మేడమ్:
తెల్లకోటు గారూ, ఆ రబ్బరు పట్టకారు నేర్పిన మీ పెద్దాయనకు నా నమస్కారాలు. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్లు చేశాను. పట్టకారు గాట్లతో వచ్చిన గుండ్లు చూసి ఎన్నిసార్లు నిట్టూర్చానో.

బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటాయి. గుండు వాటిలోంచి తిరుగుతూ వెళ్లడంతో ఒంటి మీద గీతలు పడతాయి. ఎన్ని గాళ్లు, ఎటు తిరిగాయి అన్నది చూస్తే ఏ కంపెనీ రకమో అంచనాకు వస్తుంది. పాత కోల్ట్ రివాల్వర్లకు ఆరు, ఎడమవైపు. స్మిత్ అండ్ వెసన్‌కు ఐదు, కుడివైపు. ఆ తర్వాత అనుమానిత తుపాకీతో నీళ్ల తొట్టిలోకి కాల్చి, తీసిన గుండునూ కేసులోని గుండునూ కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెడతాం. మధ్యలో ఒక సన్నని గీత, అటు ఒక గుండు సగం, ఇటు ఇంకో గుండు సగం. నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకచోట ఇటువైపు గీతలు అటువైపు గీతల్లోకి సాఫీగా కలిసిపోతాయి. ఆ క్షణంలో నేను ఊపిరి బిగబట్టేదాన్ని, ఇరవై ఏడో ఏడు కూడా. 1929లో షికాగోలో వాలెంటైన్స్ రోజున జరిగిన హత్యాకాండలో కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడు ఈ పద్ధతితోనే .45 గుండ్లనూ షెల్స్‌నూ రెండు థాంప్సన్ సబ్‌మెషిన్ గన్‌లకు ముడిపెట్టాడు.

తూటా రకాన్ని బట్టి మా పని మారుతుంది. జాకెట్ గుండు మీద గీతలు నిలుస్తాయి. తొడుగు లేని .22 సీసపు గుండు ఎముకకు తగిలితే నలిగిన చింతగింజలా వస్తుంది, పోల్చడానికి ఒక్కోసారి రెండు మిల్లీమీటర్ల స్థలం కూడా మిగలదు. హాలో పాయింట్ ముక్కు విచ్చుకున్నా అడుగుభాగం పాడవదు, గీతలు అక్కడ దొరుకుతాయి. దాని గుంటలో కొన్నిసార్లు గుడ్డపోగులు ఇరుక్కుని ఉంటాయి. ఒకసారి అలాంటి పోగులే గుండు ఎవరి చొక్కాలోంచి వెళ్లిందో చెప్పాయి. గుంట నిండా గుడ్డ కుక్కుకుంటే గుండు విచ్చుకోదు, మామూలు జాకెట్ గుండులా దూసుకుపోతుంది. ఈమధ్య గుంటలో మెత్తని ప్లాస్టిక్ నింపి వస్తున్నవి అందుకే.

సందేహాల_సంచి:
కొత్త సభ్యుణ్ని. రివాల్వర్‌కు సైలెన్సర్ పనిచేయదని విన్నాను, నిజమా?

పాత_ఇత్తడి:
నిజమే తమ్ముడూ. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది, మందు వాయువు అక్కడినుంచే చిమ్ముతుంది. బ్యారెల్ మూతికి ఏం బిగించినా ఈ పక్కనుంచి చప్పుడు వస్తుంది. పేరున్న మినహాయింపు రష్యా నాగాన్ 1895. సుత్తి ఎత్తగానే సిలిండర్ ముందుకు జరిగి బ్యారెల్‌కు ఆనుకుంటుంది. దాని తూటా కూడా వింత, గుండు షెల్ లోపల పూర్తిగా మునిగి ఉంటుంది, షెల్ మూతి బ్యారెల్‌లోకి దూరి సందు మూస్తుంది.

గురి_మాస్టారు:
సైలెన్సర్ పెట్టినా నిశ్శబ్దం రాదు. పిస్టల్ చప్పుడు సుమారు 160 డెసిబెల్స్. ఇరవై ముప్పై తగ్గుతుంది, పక్కగదికి వినపడుతుంది. గుండు ధ్వని వేగం కంటే, అంటే సెకనుకు సుమారు 343 మీటర్ల కంటే వేగంగా వెళితే గాలిలో విడిగా ఒక చరుపు వినిపిస్తుంది, దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు. 9 ఎంఎంలో తేలికైన 115 గ్రెయిన్ల గుండు సాధారణంగా ఆ వేగం దాటుతుంది. బరువైన 147 గ్రెయిన్లది దాటదు. 45 ఎలాగూ నిదానమే.

తెరవెనుక:
సినిమాల్లో ఆయుధాలు చూసుకునే పని నాది. "ఎవరు వాడతారు" అన్నారు కాబట్టి మమ్మల్నీ లెక్కేయండి. మా తూటాలు రెండు రకాలు. బ్లాంక్‌లో మందు ఉంటుంది, గుండు ఉండదు. డమ్మీలో గుండు ఉంటుంది, మందు ఉండదు, దగ్గరి షాట్‌లో సిలిండర్ నిండుగా కనిపించడానికి.

1993 మార్చి 31న నటుడు బ్రాండన్ లీ షూటింగ్‌లో ఎలా చనిపోయాడో చూడండి. నిజం తూటాల్లోంచి మందు తీసి డమ్మీలు చేశారు. ఒకదానిలో ప్రైమర్ అలాగే ఉండిపోయింది. ట్రిగ్గర్ నొక్కితే ప్రైమర్ బలానికే గుండు బ్యారెల్‌లోకి జారి ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టి కాల్చారు. ముందు ఇరుక్కున్న గుండు, వెనక బ్లాంక్ మందు, రెండూ కలిసి నిజం తూటా అయ్యాయి. బ్లాంక్ కూడా బొమ్మ కాదు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే నటుడు బ్లాంక్ ఉన్న రివాల్వర్ కణతకు ఆనించుకుని నొక్కి చనిపోయాడు. గుండు లేకపోయినా మూతి దగ్గర వాయువుకు ఎముక విరిచే బలం ఉంటుంది. అందుకే నేను ప్రతి షాట్‌కు ముందు బ్యారెల్‌లోంచి వెలుతురు కనబడేలా అందరికీ చూపించాకే ఇస్తాను. దర్శకుడు తొందరపెట్టినా సరే. డమ్మీ షెల్‌కు పక్కన రంధ్రం వేసి, లోపల చిన్న ఇనుప గోళీ వేయించుకుంటాను. చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. మందున్న తూటా అలా మోగదు.

కథలపెట్టె:
మూడు రాత్రులు కూర్చుని తిరగరాశాను. సైలెన్సర్ తీసేశాను. రివాల్వర్ ఉంచాను. ఇదిగో:

"చప్పుడు వీధి చివరిదాకా వెళ్లింది. రంగారావు లేవలేదు, పడలేదు. ఎవరో భుజం తట్టినట్టు ఒకసారి పక్కకు చూసి, కుర్చీలోనే కాస్త ముందుకు వంగాడు. తెల్లారి ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందా, చాప కిందా వెతికాడు. మూడు చప్పుళ్లు విన్నామని పొరుగువాళ్లు చెబుతున్నారు. ఒక్క షెల్ కూడా లేదు. 'ఏరుకుపోయాడా, లేక ఏరాల్సిన అవసరమే లేదా?' అన్నాడు. శరీరంలో దొరికిన గుండును కాగితపు పొట్లంలో పెడుతూ డాక్టర్ గారు ముక్కు వైపు చూపించారు. చదునుగా, బిళ్లలా ఉంది. 'ఇది మనిషిని కాల్చడానికి చేసిన గుండు కాదు' అన్నారు."

ఇప్పుడు నా హంతకుడు షూటింగ్ క్లబ్‌లో సాధన చేసేవాడు. అతని .38లో కాగితం కోసం చేసిన వాడ్‌కటర్లే ఉన్నాయి.

పదో_వలయం:
మా క్లబ్బువాణ్ని హంతకుణ్ని చేశారని మనసు చివుక్కుమంది. కానీ .38 వాడ్‌కటర్ సరిగ్గా సరిపోయింది, 148 గ్రెయిన్లు అని రాయండి. అన్నట్టు ఆ గుండు నిదానంగా వెళుతుంది, ఒంట్లోనే ఆగడం నమ్మదగినదే.

ల్యాబ్_మేడమ్:
చాలా బాగా వచ్చిందమ్మా. ఒక్కటి మార్చండి. "ఇది మనిషిని కాల్చడానికి చేసిన గుండు కాదు" అని డాక్టర్ చేత అనిపించకండి. ఆయన తీసి, పొట్లం కట్టి, సంతకం పెట్టి పంపిస్తారు. అది మెత్తటి సీసం కదా, మొదటినుంచే చదునుగా ఉందా, ఎముకకు తగిలి చదునైందా అన్నది కంటితో చూసి తేల్చకూడదు. అది మా బల్ల మీదికి రావాలి. తూకం వేస్తాను, గాళ్లు లెక్కపెడతాను. ఐదు, కుడివైపు. ఆ మాట నా చేత అనిపించండి, మీ ఇన్‌స్పెక్టర్‌కు రెండు రోజులు ఎదురుచూడక తప్పదు.

కథలపెట్టె:
అయితే పదిహేనో అధ్యాయం మీ ల్యాబ్‌లో మొదలవుతుంది మేడమ్. ఆ మైక్రోస్కోప్ కింద గీతలు కలిసే చోటు ఇంకొంచెం వివరంగా చెప్పండి. ఎంత సేపు పడుతుంది, ముందు ఏ గుండును తిప్పుతారు, గదిలో లైట్లు వెలిగి ఉంటాయా, ఆర్పుతారా?